రోజుకు పావు చుట్టు

ఆ ఇంటి మేడగదిలో ఏ మూల ఏది జారిపడినా గది నడుమే దొరికేది. వెతుక్కునే బాధే లేదు. గుండీ అయినా, దారపుండ అయినా, మామయ్య కళ్ళజోడు అయినా, కాస్త ఓపిక పడితే చాలు, దొర్లుకుంటూ వచ్చి నేల నడుమ పల్లంలో బుద్ధిగా కూర్చునేది. కిటికీ దగ్గర మిషను వేసుకుని గౌను అంచు కుట్టడం మొదలుపెట్టిన పిల్ల, అంచు పూర్తయ్యేసరికి మిషనుతో సహా గది మధ్యలో తేలేది. ఎదురుగోడ దగ్గర కూర్చున్న పిల్లా అక్కడికే వచ్చేది. ఇద్దరి మోకాళ్ళూ తగులుకున్నాయంటే ఆ పూటకి పాఠం అయిపోయినట్టే.

అది కర్ర నేల. కింద హాలుకు కప్పు, పైన మేడగదికి నేల. ఈ గోడ నుంచి ఆ గోడకు నడుమ ఒకే ఒక్క పెద్ద దూలం, దాని మీద అడ్డంగా దంతెలనే సన్న వాసాలు, వాటి మీద పలకలు. ఆ దూలాన్ని చెదలు తినగా తినగా నడుములో నాలుగు వేళ్ళ మేర కిందికి వంగింది. ఇంట్లోవాళ్ళు దాన్ని బాగుచేయించలేదు, దానితో సర్దుకుపోయారు. మంచానికి రెండు కోళ్ళు కోయించారు. బీరువా కింద చెక్కముక్కలు పెట్టారు. తలుపుల అడుగున ఏటవాలుగా చిత్రిక పట్టించారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గదిలో పడవలో నడుస్తున్నట్టు చేతులు చాపి నడిచేవాళ్ళు గానీ, ఆ ఇంటివాళ్ళు మాత్రం చదునైన వీధిలోకి వెళ్తేనే తడబడేవాళ్ళు.

ఆ గదిలో కుట్టు క్లాసు నడిపేది వదిన. నిజానికి ఆమెను వదినా అని పిలవాల్సింది మరిది ఒక్కడే. కానీ వాడి గొంతు ఎంత పెద్దదంటే వీధి వీధంతటికీ ఆ పిలుపే అలవాటైపోయింది. పాలవాడికీ వదినే, పోస్టుమేనుకీ వదినే, ఆమె దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లల అమ్మమ్మలకీ వదినే. పదహారేళ్ళ కింద ఒక్క మిషనుతో మొదలుపెట్టి ఏడు మిషన్లకు తెచ్చింది. ఆ గది తప్ప ఆమెకు తనదంటూ ఇంకో చోటు లేదు. వంటిల్లు అత్తయ్యది, హాలు మామయ్యది, పడగ్గది లెక్కల మాస్టారైన ఆమె మొగుడి పరీక్ష పేపర్లది.

ఒకరోజు కట్టడాలు తనిఖీ చేసే ఇంజనీరు ఆ వీధి ఇళ్ళన్నీ చూసుకుంటూ ఈ మేడ కూడా ఎక్కాడు. ఏదో రాసుకుందామని జేబులోంచి పెన్ను తీశాడు, అది చేజారింది. పెన్ను ముందు, ఇంజనీరు వెనక. ఇద్దరూ నడిగదిలో ఆగారు.

"ఇది నేలా, గిన్నా?" అన్నాడాయన ఒగరుస్తూ.

"గట్టిదేనండీ. నలభై ఏళ్ళ నించీ నిలబడే ఉంది" అంది వదిన.

"నిలబడి లేదమ్మా. వేలాడుతోంది."

నలభై రోజులు గడువిచ్చాడు. ఈలోగా దూలం బాగుచేయించి, నేల తిన్నగా చేసి చూపించాలి. లేదంటే మెట్ల తలుపుకి తాళం పడుతుంది, ఇక ఆ తలుపు తెరిచేది లేదు. అంటే క్లాసు లేనట్టే. వదిన ఆ రోజే మిషన్లన్నీ కిందికి దింపించింది. వసారాలో రెండు మిషన్లకే చోటు. మిగతా అయిదూ గుడ్డలు కప్పుకుని గోడవారన ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. పిల్లలు వంతులేసుకుని కుడుతూ, వీధి చివర కొత్తగా వెలిసిన క్లాసు గురించి ఆమెకు వినపడేలా గుసగుసలాడుకునేవాళ్ళు.

దూలం పనికి దొరికినవాడు నిదానం మేస్త్రి. పాతిళ్ళ కర్రపని తెలిసినవాడు చుట్టుపక్కల ఆయన ఒక్కడే. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన మేకు కొట్టడానికి సుత్తి ఎత్తితే, అది దిగేలోపు ఇంటివాళ్ళు టీ పెట్టుకుని, తాగి, గ్లాసులు కడిగి బోర్లించుకోవచ్చు. మొదటి ఆరు రోజులూ దూలాన్ని వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. తర్వాత నాలుగు రోజులు గోడల్ని విన్నాడు. ఇంకో ఆరు రోజులకు కొత్త దూలం తెచ్చి హాల్లో అడ్డంగా పడేసి, పాత దూలం నడుమ కింద ఇనప స్తంభం నిలబెట్టి, దాని కింద పెద్ద మర జాకీ పెట్టాడు. మోచేతంత పొడుగు కడ్డీ దూర్చి పావు చుట్టు తిప్పాడు. దూలం ముసలి దున్నపోతులా మూలిగింది. మేస్త్రి కడ్డీ తీసి మెట్ల పక్కన కొక్కేనికి తగిలించి చేతులు తుడుచుకున్నాడు.

"ఇవాల్టికి అయిపోయిందమ్మా" అన్నాడు.

"ఏంటి అయిపోయింది?"

"పావు చుట్టు. రేపు మళ్ళీ పావు."

"దానికి ఎంత లేస్తుంది?"

ఆయన ఆమె చీర కొంగుకి గుచ్చి ఉన్న సూదుల్నీ, చేతిలో ఉన్న గుండీల డబ్బానీ చూశాడు. డబ్బాలోంచి ఒక చొక్కా గుండీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇంత మందం."

వదిన ఆ గుండీ వంక, తర్వాత కప్పు వంక, తర్వాత మేస్త్రి వంక చూసింది. "నాలుగు వేళ్ళు లేవాలి మేస్త్రి గారూ! రోజుకో గుండీ అంటే ఎన్నాళ్ళు?"

"ముప్పై రోజులు" అన్నాడు పక్క గదిలోంచి మాస్టారు. ఎవరూ అడక్కపోయినా లెక్క వినపడితే ఆయన ఊరుకోలేడు.

"మరి రోజుకి రెండేసి చుట్లు తిప్పేయొచ్చు కదా?"

"నడుం పట్టేసిన మనిషిని జుట్టు పట్టి లేపి నిలబెడితే ఏమంటాడమ్మా? కర్రా అంతే. గోడలు కూడా ఆ వంపుకే అలవాటు పడ్డాయి. నిదానంగా బుజ్జగించాలి" అని మేస్త్రి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ టీ తాగడానికి పట్టిన టైములో వసారాలో ఒక పిల్ల రెండు చొక్కాలకు కాలర్లు వేసింది.

అలా పద్నాలుగు రోజులు. పద్నాలుగు గుండీలు. రోజూ పొద్దున్నే వచ్చి, మూలిగించి, టీ తాగి వెళ్ళేవాడు. హాల్లో అడ్డంగా పడి ఉన్న కొత్త దూలానికి కాలు కొట్టుకోనివాళ్ళు ఇంట్లో లేరు. మామయ్య ఒకప్పుడు లారీ డ్రైవరు. రోజూ జాకీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "టన్నుల బరువుతో కొండల మీద టైర్లు మార్చాన్రా నేను. ఇదీ ఒక జాకీయేనా?" అనేవాడు. మరిది వ్యాయామశాలకు వెళ్ళొచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆ కడ్డీ వంక ఆకలిగా చూసేవాడు. అత్తయ్య మాత్రం రాత్రిళ్ళు పై గదిలో తన మంచం వదిలి కింద పడుకోనంది. ఆవిడ గది మేడగదికి పక్కనే, అదే నేల మీద. "నా మంచం నేల వంకరకి తగ్గట్టు కోయించిందే మా మావగారు. దాని మీద తప్ప నాకు నిద్ర పట్టదు" అనేది.

ముప్ఫయ్యో రోజు సాయంత్రం మేస్త్రి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. అందరూ హాల్లోనే టీ తాగుతున్నారు.

"రేపు నేను రాలేనమ్మా. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఎల్లుండి వస్తా. రేపటి పావు చుట్టు మాత్రం మానకూడదు. మీలో ఎవరో ఒకరు తిప్పండి. ఒక్కరే. పావే" అన్నాడు.

అయిదుగురూ అయిదు టీ గ్లాసుల వెనక నించి తలలూపారు.

తెల్లారి మాస్టారు బడికి తయారవుతుంటే, అత్తయ్య స్నానంలో ఉంటే, వదిన కొక్కేన్నించి కడ్డీ తీసుకుంది. గడువు పది రోజులే ఉంది. ఇంకా పదహారు గుండీలు లేవాలి. ఆ తర్వాత కొత్త దూలం బిగించాలి. ఏ లెక్కన చూసినా కుదరదు. కోపం కడుపులోంచి మోచేతుల్లోకి వచ్చింది. కడ్డీ దూర్చి పావు తిప్పింది. దూలం మూలిగింది. ఒకసారి అటూ ఇటూ చూసి ఇంకో పావు తిప్పింది. దూలం ఇంకా గట్టిగా మూలిగింది. కడ్డీ కొక్కేనికి తగిలించి, దొంగలా వసారాలోకి జారుకుని, మిషను మీద కూర్చుని, ఏ గుడ్డా పెట్టకుండానే జానెడు కుట్టేసింది.

ఆ రోజంతా ఆమెకు మనసు మనసులో లేదు. ఉండుండి లోపలి నించి మూలుగు వినిపించేది. పొద్దున తొమ్మిదింటికి ఒకసారి. పదకొండింటికి రెండుసార్లు. మధ్యాహ్నమైతే ఇల్లంతా కదిలి, వసారా పెంకులు గలగలమని, పిల్లలు మిషన్లు ఆపేశారు. "ఏంటండీ అది?" అన్నారు. "ఏం లేదు, కర్ర సర్దుకుంటోంది" అంది వదిన, ముఖం పాలిపోయి. అయ్యో, నేను తిప్పిన ఆ ఒక్క పావుకే ఇంకా మూలుగుతోందే, ఎంత పని చేశాన్రా దేవుడా అనుకుని గుడ్లనీళ్ళు కుక్కుకుంది. పోయి చూసే ధైర్యం లేకపోయింది. సాయంత్రం మరోసారి చిన్నగా మూలిగింది. అప్పటికి ఆమె మూలుగులు లెక్కపెట్టడం మానేసింది.

మర్నాడు ఆ ఇంటిని లేపింది కోడి కాదు, అత్తయ్య.

"ఒరేయ్! ఎవర్రా నా గది తలుపు గడియ పెట్టింది? ఏమే అమ్మాయ్!"

గడియ ఎవరూ పెట్టలేదు. తలుపు చట్రంలో బిగుసుకుపోయింది. మరిది భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు, భుజం కదిలింది. లోపల రాత్రికి రాత్రి మంచం జారి వచ్చి తలుపుకి ఆనుకుంది. ఆవిడ దాని మీద కూర్చుని బయటివాళ్ళని ఒక్కొక్కర్నీ పేరుపేరునా కడిగేస్తోంది. వదిన మేడగదిలోకి తొంగి చూసింది. నలభై ఏళ్ళు పల్లంగా ఉన్న నేల నడుమ ఇప్పుడు ఒంటె మూపురంలా ఉబ్బింది. రెండు కిటికీ అద్దాలు పగిలాయి. గోడ సున్నం పెళ్ళలుగా రాలింది. బీరువా రెండు తలుపులూ తెరుచుకుని ఎవరినో కౌగిలించుకోబోతున్నట్టు ముందుకు వాలి నిలబడింది.

మేస్త్రి వచ్చాడు. ముందు కిటికీలోంచి నిచ్చెన వేసి అత్తయ్యను దింపించాడు. ఆవిడ ప్రతి మెట్టు మీదా ఆగి ఒక్కొక్కరికి ఒక్కో శాపనార్థం పెట్టి గానీ కింది మెట్టుకు రాలేదు. తర్వాత ఆయన మేడెక్కి రసమట్టం నేల మీద పెట్టాడు. అందులోని గాలిబుడగ ఒక చివరికి పరుగెత్తి అక్కడే నక్కింది. రసమట్టం తిప్పి పెట్టాడు. బుడగ ఇటు చివరికి పరుగెత్తింది. మేస్త్రి దాన్ని నెమ్మదిగా సంచిలో పెట్టుకుని, నెమ్మదిగా మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఎవరు తిప్పారు?" అన్నాడు.

అయిదుగురూ జాకీ వంకే చూశారు.

 వదిన ఒక్క అడుగు ముందుకు వేసింది. "నేనే మేస్త్రి గారూ. పావు కాదు... అర తిప్పాను. తొందరపడ్డాను. నాదే తప్పు."

"అర చుట్టుకి రెండు గుండీలు లేస్తుందమ్మా. ఒంటె లేవదు. ఇంకెవరు?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు కదా అని, తొమ్మిదింటికి బడికి వెళ్ళబోతూ... కొత్త దూలం బిగించే రోజులు తీసేసి, మిగిలిన ఎత్తుని మిగిలిన రోజులతో భాగిస్తే ముప్పావు వచ్చింది."

"మీరేంటి, నేను తిప్పేశానేమోనని నన్నొక్క మాట అడగొచ్చు కదా?" అంది వదిన.

"నువ్వు తిప్పానని నాకొక్క మాట చెప్పొచ్చు కదా?"

"ఒరేయ్, ఆగండ్రా" అన్నాడు మామయ్య మీసం దువ్వుకుంటూ. "పదకొండింటికి రెండు చుట్లు నేనే తిప్పా. నిండుగా. పావులూ ముప్పావులూ లారీవాడికి తెలీవు."

అందరూ మరిది వైపు తిరిగారు. వాడు కప్పు వైపు చూశాడు.

"ఎన్ని రా?"

"నాలుగు."

"నాలుగు పావులా?"

"నాలుగు చుట్లు. అయిదోది తిరగలేదు వదినా. అప్పటికీ కాలు ఆనించి చూశాను" అన్నాడు, అయిదోది తిరగకపోవడమే నేరమైనట్టు.

మేస్త్రి రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. అప్పుడు అత్తయ్య నోరు విప్పింది. "నన్నంటారేంటి అందరూ?" నిజానికి ఆవిణ్ణి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. "సాయంత్రం తలుపు పట్టేస్తోందని నేనే దిగొచ్చి వెనక్కి ఒక పావు తిప్పా. మీరంతా ఎత్తినోళ్ళు. దించింది నేనొక్కదాన్నే. ఆమాత్రం మంచితనం కూడా లేకపోతే ఈపాటికి ఇల్లు గాల్లోకి లేచిపోయేది!"

"రెండు, మూడు, ఎనిమిది, పదహారు. ఇరవై తొమ్మిది. అమ్మది ఒకటి తీసేస్తే ఇరవై ఎనిమిది గుండీలు. కావాల్సింది పదహారు. పన్నెండు ఎక్కువ" అన్నాడు మాస్టారు.

"అయ్యా! నా పెళ్ళిలో కూడా నేను గొంతు పెంచలేదు!" అని మేస్త్రి ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపుకి వీధి చివర కొత్త క్లాసులో కూడా మిషన్లు ఆగాయని తర్వాత చెప్పుకున్నారు. "ఎవరో ఒకరు అన్నాను! ఒక్కరే అన్నాను! తెలుగులోనే కదా చెప్పాను?"

వదినలో అంతవరకూ ఉగ్గబట్టుకున్నదేదో తెగింది. కొంగు నడుముకి దోపుకుంది.

"ఈ ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళయింది నేను. చెత్తబుట్ట బయట పెట్టండర్రా అంటే ఒక్కరు కదలరు. మోటారు ఆపండర్రా అంటే టాంకీ పొంగి వీధంతా ఏరులైపోయేదాకా ఒక్కరు లేవరు. పైన బల్బు మాడిపోయి మూడేళ్ళయింది, దాన్ని తిప్పడానికి ఇంత పొడుగు చెయ్యి ఎవరికీ లేదు! నిన్న ఒక్కరోజు, పావు చుట్టు పనికి, అయిదుగురికీ ఒకేసారి బాధ్యత పుట్టుకొచ్చిందా? నాక్కూడా! పదహారేళ్ళు కుట్టాను ఆ గదిలో. ఒక్కో మిషనూ ఒక్కో ఏడు నా వేళ్ళు పొడుచుకుని తెచ్చాను. ఎనిమిది రోజుల్లో ఆ ఇంజనీరొచ్చి తాళం వేస్తే, మీ బాధ్యతలన్నీ పెట్టుకుని నేనెక్కడ కుట్టాలి? మామయ్యగారి లారీలోనా?"

 మామయ్య లారీ ఎప్పుడో అమ్మేశాడు.

మేస్త్రే లేచాడు. "దించాలమ్మా. వేరే దారి లేదు."

"దించండి మరి!"

"దించడం కూడా పావే. రోజుకి పావు. ఎక్కినదాన్ని ఒక్కసారి వదిలేస్తే పాత దూలం నడుముకి విరుగుతుంది."

వదిన గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. పన్నెండు పావులు. ఎనిమిది రోజులు. ఈసారి మాస్టారు కూడా లెక్క పైకి చెప్పలేదు.

ఆ రోజే మొదటి పావు దించి, తర్వాతి రెండు రోజుల్లో మేస్త్రి ఎప్పుడూ లేనంత వేగంగా పనిచేశాడు, అంటే మామూలు మనుషులంత. రెండు గోడల్లోనూ గూళ్ళు తొలిచి, పాత దూలం పక్కనే కొత్త దూలం ఎక్కించాడు. దాన్ని ఎత్తడానికి మరిది, మామయ్య, మాస్టారు, పక్కింటి ఇద్దరూ పట్టారు. మరిది ఒక్కడే ఒక చివర మోశాడు. వాడి కండలు ఎందుకు పెంచాడో ఇంట్లోవాళ్ళకి ఆ రోజే మొదటిసారి అర్థమైంది. కొత్త దూలం గీత గీసినట్టు తిన్నగా ఉంది. దాని పైన, దంతెలు అందకుండా నడుమ ఎత్తుగా తేలుతున్నాయి. రోజుకి ఒక గుండీ చొప్పున దిగి, అవి దాని మీద వాలాలి. అప్పుడే బరువు కొత్తదాని మీద పడుతుంది.

కడ్డీ మాత్రం ఇక కొక్కేనికి లేదు. వదిన దాన్ని చంకలో పెట్టుకునే టీ పెట్టింది, చంకలో పెట్టుకునే పిల్లలకి చేతి కొలతలు చెప్పింది. పొద్దున మేస్త్రి వస్తే ఇచ్చేది, ఆయన పావు దించగానే లాక్కునేది. ఈలోగా ఇద్దరు పిల్లలు మొహమాటపడుతూ వచ్చి, కొత్త క్లాసులో చేరామని చెప్పి, తమ కత్తెరలు పట్టుకుపోయారు. వదిన వాళ్ళని ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మాస్టారు అన్నం సరిగ్గా ఉడకలేదన్నందుకు మాత్రం చాలా అంది.

నలభయ్యో రోజు పొద్దున్నే, మేస్త్రి ఇంకా పావు దించకముందే, ఇంజనీరు చంకలో సంచీతో దిగాడు. సంచిలో తాళం గలగలమంటోంది. పైకెక్కి చూశాడు. కిందికి దిగి దూలం చూశాడు. దంతెలకీ కొత్త దూలానికీ మధ్య సందులోకి వేలు పెట్టి చూశాడు.

"ఇదేంటమ్మా, మొన్న పల్లం, ఇవాళ మిట్ట? ఈ సందేంటి?"

"నాలుగు గుండీల ఎత్తు సార్. రోజుకి పావు చుట్టు, నాలుగు రోజుల్లో దిగిపోతుంది" అంది వదిన.

"గడువు ఇవాళే. బరువంతా ఇంకా జాకీ మీదే ఉంది. జాకీ తీసి చూపిస్తేనే నేను రాయగలను." ఆయన జాకీ చుట్టూ ఒకసారి తిరిగాడు. మొహంలో ఏదో ఉత్సాహం వచ్చింది. "నాలుగు పావులే కదా? అంటే ఒక్క చుట్టు. దానికి నాలుగు రోజులెందుకు? ఏదీ, కడ్డీ ఇటివ్వండి, నేను దించేస్తాను."

చెయ్యి చాపాడు.

ఒక్క చుట్టు. అయిదు నిమిషాల పని. సాయంత్రానికి ఏడు మిషన్లూ పైన ఉంటాయి. వదిన కడ్డీని చంకలోంచి చేతిలోకి తీసుకుంది. మొన్న నేల ఉబ్బినప్పుడు పాత దూలం నడుమ పడ్డ, వేలు పట్టేంత నెర్రె ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"ఇవ్వను" అంది.

"అమ్మా, ఇవాళ కాకపోతే తాళం వెయ్యక తప్పదు."

"వేసుకోండి. కుట్టు బిగుసుకుంటే ఒక్క లాగు లాగుతామా సార్? బట్ట చిరుగుతుంది. ఒక్కో పోగూ విప్పుకోవాలి. నాలుగు పావులు, నాలుగు రోజులు. మేస్త్రి గారే తిప్పుతారు. మీరు తిప్పరు. మా ఆయన తిప్పడు. మా మామయ్యగారు తిప్పరు. వీడు ఈ చుట్టుపక్కలకే రాడు."

మరిది రెండడుగులు వెనక్కి వేశాడు. మామయ్య ఇంజనీరు దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "ఇవ్వదు సార్. మేమూ అడిగి చూశాం" అన్నాడు.

ఇంజనీరు అందరినీ ఒకసారి చూశాడు. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో తొందరగా చేసేస్తాం సార్ అని బతిమాలినవాళ్ళే గానీ, నిదానంగా చేస్తామని నా మీద అరిచినవాళ్ళని చూళ్ళేదు" అని మెట్ల తలుపుకి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇది ఉత్త తాళమే, ఇంకా సీలు వెయ్యలేదు. అయిదో రోజు పొద్దున వస్తా. దూలం తన బరువు తను మోస్తే తాళం తీస్తా. మొయ్యకపోతే సీలు వేసి పోతా."

ఆ నాలుగు రోజులూ మేస్త్రి నాలుగు పావులు దించాడు. నాలుగో పావుకి దంతెలన్నీ వరసగా కొత్త దూలం మీద కూర్చున్నాయి. కోడి రెక్కలు ముడుచుకుని కూర్చున్నంత చప్పుడైంది, అంతే. రెండు దూలాల్నీ కలిపి బోల్టులు బిగించాడు.

అయిదో రోజు ఇంజనీరు వచ్చి తాళం తీశాడు. మేస్త్రి జాకీని ఇంకొక్క వెంట్రుకవాసి దించాడు. ఇంజనీరు తన సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి, స్తంభం తలకీ దూలానికీ మధ్య దూర్చాడు.

"ఇప్పుడు బరువు ఎక్కించాలి. ఇంట్లో ఉన్నవాళ్ళంతా పైకెళ్ళి గది మధ్యలో నిలబడండి. దూలం వంగితే కాగితం కింద నొక్కుకుపోతుంది. వంగకపోతే లాగితే వస్తుంది. అమ్మా, మీరు ఇక్కడే ఉండి లాగండి."

నలుగురూ పైకెళ్ళారు. వసారాలో ఉన్న ముగ్గురు పిల్లల్నీ, మేస్త్రినీ, వాళ్ళ చేతుల్లో ఒక్కో మిషన్నీ కూడా ఇంజనీరు పైకి తోలాడు. కింద వదినకు అడుగుల చప్పుడు, ఆ వెంటనే మాటలూ వినిపించాయి.

"నువ్వు అటు జరుగు."

"నేనెందుకు జరగాలి, నాలుగు చుట్లు తిప్పినోడు జరగాలి."

"అమ్మా, కాలు తొక్కావ్."

"తొక్కుతా. నిచ్చెన మీంచి దింపినోళ్ళు మీరు."

"దగ్గరగా నిలబడండి!" అని కింది నించి వదిన ఒక్క కేక వేసింది. పైన మాటలు ఆగాయి. అడుగులు ఒక్కచోటికి చేరాయి. దూలం మీదకి ఇంత బరువు వచ్చి వాలడం ఆమెకు తన భుజాల మీద తెలిసింది. చూపుడువేలితో, బొటనవేలితో కాగితం అంచు పట్టుకుంది.  లాగింది.

కాగితం వచ్చేసింది. చిరగలేదు, ముడత కూడా పడలేదు. కత్తెరకి పాత మెత్తటి గుడ్డ దారిచ్చినట్టు వచ్చేసింది.

ఇంజనీరు వంగి చూసి, తల ఊపి, కాగితాల మీద సంతకం పెట్టాడు. తాళాన్ని సంచిలో వేసుకున్నాడు. వదిన ఆ తెల్లకాగితం చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళు చెమర్చాయి గానీ తుడుచుకోలేదు.

"వదినా!" అని పైనించి మరిది గొంతు. "అయిందా? దిగమంటావా?"

వదిన కప్పు వైపు చూసింది. ఇంటివాళ్ళు నలుగురూ ఆమె చెప్పిన చోట, ఆమె చెప్పినట్టు, కదలకుండా మెదలకుండా నిలబడి ఉన్నారు. ఇరవై ఏళ్ళలో ఇలాంటిది జరగడం ఇదే మొదలు.

"ఉండండి, ఇంకా అవ్వలేదు!" అంది.

ఇంజనీరు ఆశ్చర్యంగా చూశాడు. "అయిపోయింది కదమ్మా?"

"మీరు కూర్చోండి సార్, టీ పెడతాను" అంది వదిన.